చెవి మాట

ఆదివారం పొద్దున, కడప విమానాశ్రయంలో
గాలిసంచి ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతోంది.
రెండు సీట్ల విమానం రెక్క కింద
ఫ్లాస్కులో టీ పంచుతూ అడిగినాడు చాంద్ బాషా సార్:
"ఏం డాక్టరమ్మా, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగుకు కట్టేస్తివా?"

కట్టలేదు.
ఫారం నా స్కూటర్ డిక్కీలో ఉంది, రెయిన్ కోటు కింద.
రెండిటినీ ఈ ఏడు బయటికి తీసింది లేదు.

మబ్బులో ఎగరడానికి పరీక్ష రాయాలంట,
మబ్బే రాని ఊర్లో.
మా కాంపౌండర్ గంగాధరం శనగ విత్తనం తెచ్చిపెట్టుకుని
ప్రతి సోమవారం అడుగుతాడు,
"పైన ఏమన్నా కనపడిందా మేడం?"
వట్టి ఆకాశంలో హాయిగా తిరిగొచ్చిన దాన్ని,
లేదని చెప్పడానికి సిగ్గు.

పోయిన అక్టోబరులో మాత్రం
పాలకొండల మీద ఒక మబ్బు
నలభై సెకన్లు నన్ను మింగింది.
ముందు నీలం పోయింది. తర్వాత కొండ.
తర్వాత 'కింద' అనే మాటే పోయింది.
తిన్నగానే పోతున్నావని ఒట్టేసి చెప్పింది నా చెవి.
బయటపడి చూస్తే
పెన్న ఒక పక్కకు ఒరిగిపోయి
ఇసుకంతా ఎడమ రెక్కలోకి ఒలికేలా ఉంది.

ఇరవై రెండేళ్లుగా చెవుల డాక్టర్ని నేను.
తల తిరుగుతోందని వచ్చినవాళ్లకు రోజూ చెప్తాను:
లోపల మూడు వంకీలు, వాటిలో చుక్క నీళ్లు,
అవి కదిలితే లోకమే కదిలిందనుకుంటావు,
చెవి మాట వినొద్దు, గోడ మీది గడియారం చూడు.
ఎదురుగా ఆరు గడియారాలు పెట్టుకుని
ఆ పూట నేను విన్నది చెవి మాటే.

"మబ్బుంటే ఎగరొద్దు, ఇంట్లో కారం దోసె తిను,"
అంటాడు మా ఆయన దావీదు.
ఆ డబ్బుతో వినికిడి పరీక్షకు కొత్త గది కట్టొచ్చు, నిజమే.
ఈతొచ్చినోడే నీళ్లలో పోతాడన్నదీ నిజమే.
కాగితం చేతికొస్తే
రేపు మబ్బును చూసి పక్కకు తిరుగుతానా, ఏమో.

టీ అయిపోయింది.
"కట్టే సంగతి తర్వాత సార్.
ఆ కళ్లకు అడ్డం పెట్టే టోపీ ఇట్లియ్యండి, ఒక్క గంట."

బయట అంతా నీలమేనట.
నాకు కనబడేది ఆరు ముళ్లు.
ఎడమకు తిరుగుతున్నావు, అంటుంది చెవి.
లేదు, అంటుంది ముల్లు.
చెయ్యి కదపకుండా ఉండటానికి
ఇంత చెమట పడుతుందని తెలీదు.

రేపు గంగాధరం అడుగుతాడు.
చూడలేదు, అంటాను.