ఏడో బాండు

అమలాపురం కోర్టు ప్రహరీ పక్కన
నా టైపు మిషన్‌లో 'క్ష' సగమే పడుతుంది.
శిక్ష అని కొట్టినప్పుడల్లా
మిగతా సగం పెన్నుతో దిద్దాలి.
ఇవాళ పదహారు సార్లు దిద్దాను.

పంపన నాగేశం, కొబ్బరి సొసైటీ గుమాస్తా.
పదకొండు మంది పేర్ల మీద పదకొండు దొంగ బాండ్లు,
వేలిముద్రలన్నీ తన ఎడమచేతి బొటనవేలివే.
వెరసి నాలుగు లక్షల పద్దెనిమిది వేలు
రొయ్యల చెరువులో పోశాడు.
పట్టుబడి కాగానే కట్టేద్దామనుకున్నాడట.
తెల్లమచ్చ వచ్చింది, ఆడిటరు వచ్చాడు,
ఎవరు ముందొచ్చారో ఇప్పుడెవరికీ గుర్తులేదు.

తీర్పు పొట్టిదే.
బాండుకి ఏడాది.
ఒకటి ముగిశాకే ఇంకోటి మొదలు.

వాళ్లావిడ అన్నవేణి ఏళ్లు లెక్కపెట్టదు.
పెరట్లో తొమ్మిది చెట్లు, ఏడాదికి ఆరు దింపులు.
"అరవై ఆరు దింపులండి" అంది
బల్ల అంచు గోటితో గీకుతూ.
"అప్పటికి చెట్టెక్కేవోడు కూడా దొరకడండి."

వకీలు చయనులు గారు నిలబడే చెబుతున్నారు,
నేను కొడుతున్నాను:
నేరం చేయలేదని మేము అనడం లేదు.
చేసింది ఒక్క పని, పదకొండు కాగితాల మీద.
ఒకే వేసవి, ఒకే బల్ల, ఒకే సిరా దిమ్మ.
కనుక శిక్షలన్నీ ఏకకాలంలో నడిచేలా...

ఆ మాట దగ్గర వేళ్లు ఆగాయి.
ధవళేశ్వరం దాటిన గోదావరి
గౌతమి సముద్రంలో కలిసేదాకా
వశిష్ఠను గట్టున కూర్చోబెట్టదు కదా.
వైనతేయ ఎవరి వంతు కోసమూ ఆగదు.
అవే నీళ్లు, అన్నీ ఒకేసారి, ఉప్పులోకి.
చెబుదామనుకున్నాను.
పై కోర్టుకి ఏళ్లతో పని గానీ
ఏళ్లలో నీళ్లతో పనేముందని ఊరుకున్నాను.

తర్వాతి పేజీలో బాధితుల జాబితా.
ఐదు. ఆరు.
ఏడు: గుత్తుల సూర్రావు, అరెకరం కొబ్బరి, వృత్తి టైపిస్టు.
నా పేరు నేనే కొట్టుకున్నాను.
ఒక్క తప్పూ పడలేదు.

ఆ బాండు ఉండబట్టే
అమ్మ కంటి ఆపరేషన్‌కి అప్పడిగితే
పాత బాకీ ఉందని తిప్పి పంపారు.
ఆ కంటితో అమ్మ ఇంకేమీ చూడలేదు.
అన్నవేణికి తెలుసు.
అందుకే బల్ల వైపే చూస్తోంది.

నా ఏడాది నాకు కావాలి.
నాగేశం అది లోపలే గడపాలి, ఒక్క రోజు తగ్గకుండా.
మిగతా పదీ తెచ్చి నా ముందు పోస్తే
ఏం చేసుకోను?
అమ్మకి చూపు పదకొండింతలవుతుందా?

పేజీకి పాతిక, ఎనిమిది పేజీలు.
డబ్బు లెక్కపెట్టి తీసుకున్నాను.
ఊరికే చేస్తే క్షమించాననుకుంటుంది.
ఆ మాటకీ అదే అక్షరం.

గడువు ఎల్లుండితో సరి.
వాన పడేలా ఉందని
కాగితాలు యూరియా సంచిలో చుట్టుకుని
రాజమండ్రి బస్సుకి బయల్దేరింది.
మెట్లు దిగాక వెనక్కి పిలిచాను.

మూడో పేజీలో ఒకటి
దిద్దకుండా వదిలేశాను.