కరపత్రం

ఫిబ్రవరి చివర సిరొంచ గాలిక్కూడా కారం అంటుకుంటుంది.
బస్సు దిగీ దిగగానే తుమ్మాను.
భుజాన సంచి, సంచిలో ఐదు వందల కరపత్రాలు,
మూడు రంగుల అచ్చు, నాలుగో పేజీలో ప్రార్థన.
మా మేనత్త ఫీబమ్మ సంచి బరువు చూసి
"బట్టలు తేలేదా బిడ్డా?" అంది.

ప్రాణహిత ఒడ్డు పొడుగునా మిరపచేన్లు విరగపండాయి.
భామ్రాగఢ్ అడవుల దిక్కు నుంచి ట్రాక్టర్లలో
మాడియా ఆడవాళ్లు కైకిలికి దిగారు,
వంటగిన్నెలతో, చంటిపిల్లలతో, ఒక కోడిపుంజుతో సహా.
గట్టు మీద నిలబడి పంచాను.
మైనీ తలండి అనే ఆమె
కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది, వాసన చూసింది,
నాలుగు మడతలు పెట్టి
అందులో పొగాకు కట్టుకుంది.

నాకు ఏడుపొచ్చింది.
అత్త నవ్వింది.
"పోనీలె, పొగాకన్న తడువకుంట ఉంటది."

పగలంతా కాయ తెంపిన చేతులు
రాత్రికి పొయ్యిలో పెట్టినట్టుంటాయి.
నీళ్లు పోస్తే ఇంకా మంట.
కంట్లో నలుసు పడ్డా నలుపుకోలేరు.
ఏడ్చే పిల్లను రొమ్ముకు తీసుకోవాలన్నా
ఎక్కడ ముట్టుకుంటామోనని భయం.

అత్తకు రెండు బర్రెలు.
రోజూ దీపాలవేళకు
ఇత్తడి చెంబు నిండా సల్ల పట్టుకుని
కల్లం దాకా నడిచేది.
ఒక్కొక్కరి చెయ్యీ ఒళ్లో పెట్టుకుని
వేళ్ల సందుల్లో, గోళ్ల కింద,
పురిటిబిడ్డకు నీళ్లు పోసినంత నిదానంగా కడిగేది.
మాట లేదు. పాట లేదు.
"చెప్పవేం అత్తా?" అని గొణిగితే
"మండే చెయ్యి పట్టుకొని మాట మొదలువెడితె
అది బేరమైతది బిడ్డా. సల్లారనియ్యి."

ఏడో రాత్రో ఎనిమిదో రాత్రో
మైనీయే అడిగింది.
నీ చేనులో కైకిలోళ్లం కాదు కదా మేము,
ఎవరు పంపుతున్నారు నిన్ను?

అత్త చెంబు కింద పెట్టింది.
సగం తెలుగు, సగం మరాఠీ, మిగిలింది చేతులు.
మామ పోయిన ఏడు సంగతి చెప్పింది,
గడియ పెట్టుకుని పడుకున్న మూడు నెలలు,
పాలు పిండక బర్రెలు అరిచిన పొద్దులు.
"అప్పుడు చేతులు కాదు, లోపలంత మండింది.
ఒకాయన వచ్చి పక్కన కూసున్నడు.
కడిగిండు. ఇంక కడుగుతనే ఉన్నడు."

"నావ్ కాయ్?"

"యేసయ్య."

మైనీ ఆ పేరును
కొత్త అడవికాయలా నోట్లో తిప్పి చూసింది.
"ఎస్సాయ్" అంది.
సరిదిద్దబోయాను.
అత్త నా మోకాలు గిల్లింది.

తర్వాత మైనీ తన కొండదేవర సంగతి చెప్పింది,
ఏటా అక్కడికి మోసుకెళ్లే కొత్త వడ్లు,
ఆ దారిలో వాళ్ల తాతకు ఎదురైన పులి.
అత్త పులి కథ ఆసాంతం విన్నది.
"కుంటిదా? ఏ కాలు?" అని కూడా అడిగింది.
బైబిలు శిక్షణలో మాకు ఇది చెప్పలేదు.

మర్నాడు నేనూ చేన్లోకి దిగాను.
ఎందుకో తెలియదు, సిగ్గుకే కావచ్చు.
సాయంత్రానికి నా చేతులు నావి కావు.
అత్త ఎవరిదో కాన్పని అహేరి పోయింది.
బర్రెల్ని నేను ముట్టుకోలేను.
వాకిట్లో కూచుని చేతులు గాలికి ఊపుకుంటున్నాను,
ఎగరలేని పిట్టలా.

మైనీ వచ్చింది.
ఎవరింట అడిగి తెచ్చిందో,
చెవి విరిగిన ప్లాస్టిక్ మగ్గులో సల్ల.
అడగలేదు, నా చెయ్యి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.
వేళ్ల సందుల్లో.
గోళ్ల కింద.

ఆమె బొడ్లో పొగాకు పొట్లం,
చెమటకు మెత్తబడిన కాగితం,
నాలుగో పేజీ పైకి తిరిగి
నాకు తలకిందులుగా కనిపిస్తోంది.
చదవాలని చూడలేదు.
మంటకో, ఇంకా దేనికో కళ్లు మూసుకుని
రెండో చెయ్యి కూడా
ఆమెకు ఇచ్చాను.