భుజం కొలత

ముప్ఫై ఎనిమిది వారాల ఐదు రోజులు.
టోకెన్ నంబర్ డెబ్బై నాలుగు.
చీటీ మీద నాలుగు కిలోల నూట యాభై అని రాసి
పక్కకు చిన్నగ ఇంకో అరకిలో.

"ఇదేంది మేడం?" అంటే
"అటో ఇటో అరకిలో" అన్నది డాక్టర్ రుక్సానా
కళ్ళద్దాలు తుడుచుకుంట.
"లోపలున్నోళ్లను తక్కెట్ల పెట్టలేం కద."

నాకు నవ్వొచ్చింది.
పదకొండేండ్ల సంది వారాసిగూడల
మెట్ల కింది అర్రల కుట్టుమిషిను నాది.
గడపల నిలవడ్డ మనిషిని చూసి
ఛాతీ ముప్ఫై ఆరు, చంక పదహారు అనేదాన్ని.
అయినా లోపల ఇంచు బట్ట ఇడిచిపెడ్త.
కన్ను అబద్ధమాడదు గని
తొందరపడ్తది.

ఇప్పుడు నాకే ఆ ఇంచు లేదు.
మిషిను ముందు కూసుంటే సూది అందదు.
మోకాలో మోచెయ్యో
పక్కటెముకల కింద
గుండీ కాజ కోసం ఎతికినట్టు పొడుస్తది.

"షుగరొచ్చిందా, అందుకే గంత" అన్నది కిరాణా సరళక్క.
వచ్చింది. ఏడో నెలల.
దినాం నాలుగుసార్లు వేలు పొడుసుకొని
ఎండాకాలమంత
మామిడిపండు వాసన మాత్రమే తిన్న.
కింది ఇంటామె "దశమి మంచిది, కోయించుకో" అంటది.
చెల్లె "కోసినంక మిషినెప్పుడు తొక్కుతవే" అంటది.

డాక్టర్ మాత్రం తొందరపెట్టలె.
నొప్పుల కోసం ఆగొచ్చన్నది,
గని షుగరున్నందుకు శానా దినాలు ఆగనియ్యనన్నది.
మందు పెట్టి తెప్పియ్యొచ్చు.
లేకుంటే ఆపరేషన్.
"ఏదీ ఊరికే రాదమ్మా. ఇంట్ల మాట్లాడి రా."

ఇంట్ల అంటే శ్రీశైలం.
దినమంత గ్యాస్ బండలు మోసి వచ్చి
నా కడుపు మీద చెయ్యేసి
"నాలుగు కిలోలకే గింత భయమా" అని నవ్వుతడు.
బండ ఎప్పుడూ కుడి భుజం మీదనే.
ఎడమ చెయ్యి చెవిదాంక లేవదు.
చిన్నప్పుడు ఉయ్యాల నుంచి పడ్డడంట.
అతని చొక్కాలకు ఎడమ చెయ్యి వేరేగ కోస్త,
ఇంచున్నర తక్కువ.
పెండ్లయిన కొత్తల టేపు చెప్పింది నాకు.

ఆ రాత్రి ఉబ్బిన నా పాదాలు ఒత్తుకుంట
"ఉయ్యాల లేదు గియ్యాల లేదు" అన్నది అత్త.

"తల వచ్చింది. భుజం ఆగింది.
మంత్రసాని పట్టి గుంజింది.
వాడూ గిట్లనే బొద్దుగుండె."

బయట శ్రీశైలం బండి కడుగుతున్నడు,
బకెట్ల నీళ్ళ చప్పుడు.
"వానికి చెప్పలె" అన్నది,
పాదం ఇడువకుంట.

పొద్దుగాల నేను చెప్తుంటే డాక్టర్ పెన్ను ఆపింది.
"ఆమెను లోపలికి పిలువు."
అత్త చెప్పులు బయటనే ఇడిచి వచ్చింది.
ఆమె అడుగుతుంటే ఈమె చేతులతో చూపెట్టింది
గాలిల ఒక తల,
గాలిల ఒక భుజం.
నడుమ నేను
కొలతలియ్యనొచ్చిన మనిషి లెక్క కదలకుంట.

"నీ తప్పు కాదు పెద్దమ్మా" అన్నది డాక్టర్.
అత్త జవాబియ్యలె.
గోడ మీద క్యాలెండర్ దిక్కు చూసింది, ఏ తారీఖూ చూడకుంట.

సంతకం పెట్టిన. గురువారం, పొద్దున ఎనిమిదింటికి.
"ఏం నక్షత్రం?" అని కింది ఇంటామె.
"టేబుల్ ఖాళీగున్న నక్షత్రం" అన్న.

భయం పోయిందా అంటే పోలె.
కత్తెర ఎన్నిసార్లు పట్టినా
కొత్త బట్ట మీద మొదటి కోతకు
ఇప్పటికీ ఊపిరి బిగపడ్త.
గీసారి బట్టను నేనే.

బుధవారం రాత్రి
అత్త పాత నూలు చీరల జానెడు కోసి
జుబ్బా మొదలు పెట్టిన.
పొడుగు కుట్టిన. చంకలు కుట్టిన.
భుజాలు కుట్టలె.
రెండు దిక్కులా నాడాలు పెట్టి ఇడిసిన,
ఎంత వెడల్పుతోని వస్తే
అంతకే ముడేసుకుందామని.

"సగమే కుట్టినవ్" అన్నడు శ్రీశైలం
మంచం అంచుకు కూసొని.
ఎడమ చేత్తోని నాడా అందుకొని
ముడి వేసి
ఇప్పి
మళ్ళ వేసి చూస్తున్నడు.