గీతలు

ఆకివీడు దాటి ఉప్పుటేరు వంతెన దిగుతుంటే
ముందు వాసన వస్తుంది, తరవాత రొయ్యల షెడ్డు.
అందులో లెక్కలు రాసేదాన్ని నేను.
పొద్దున్నే మొదటి పని,
స్కేలు పెట్టి కాగితం నడిమికి గీత కొట్టడం.
ఇటు మగ, అటు ఆడ.
ఇటు ఏడువందలు, అటు నాలుగువందల యాభై.
"ఆళ్ళు ట్రేలు మోస్తారు కదమ్మా," అంటాడు సూపర్‌వైజరు తాతారావు.
"ఆయ్," అంటాను.

మా వైపు ఆడపిల్లకి అమ్మ అనడం కన్నా ముందొచ్చే మాట అది.
చదువు చాలు. ఆయ్.
తగ్గి ఉండాలి. ఆయ్.

ట్రేలు ఆడాళ్ళూ మోస్తారు.
మోసినట్టు రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.
తెల్లారగట్ట ఒక్క ఆటోలో పద్నాలుగుమంది,
ఒకరి ఒళ్ళో ఒకరు, కాళ్ళ సందున క్యారేజీలు.
ఎనిమిది గంటలు ఐసునీళ్ళలో తల గిల్లి, నరం లాగి, పొట్టు ఒలిచి,
నెలసరి రోజైనా సరే
బాత్రూముకి రెండోసారి వెళితే అరగంట కోత.
ఆ కోత రాసేదీ నేనే.

మొన్న దీవెనమ్మ రేషను డిపో నుంచి తిన్నగా నా బల్ల దగ్గరకొచ్చింది.
బొటనవేళ్ళు రెండూ, ఆఖరికి చిటికినవేలు కూడా పెట్టిందట,
మెషీను ఒప్పుకోలేదట.
"నేను నేను కాదంటమ్మా," అని నవ్వి
చెయ్యి చాపింది.
పంతొమ్మిదేళ్ళ ఐసు, పంతొమ్మిదేళ్ళ రొయ్య ముల్లు.
కాలవ రేవు మెట్టులా నున్నటి వేళ్ళు.
నుదుట రాసింది చెరపలేరంటారు.
వేలి మీద రాసింది చెరిపేశారు,
కూలిచ్చి మరీ.
అదీ తక్కువ కూలి.

నాకు ముందు ఈ బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడికి నెలకి పద్దెనిమిది వేలు.
నాకు పదకొండు.
అదే పుస్తకం, మూడు కాళ్ళ మీద ఊగే అదే కుర్చీ.
ఆ పదకొండూ నా చేత్తో నేనే రాసుకుంటాను
ప్రతి నెలా, గుండ్రటి అక్షరాలతో.

శనివారం అర్జీ రాశాను. నాలుగే లైన్లు.
సంతకం రానివాళ్ళు వేలు ముంచారు,
దీవెనమ్మ, నూకరత్నం, గంధం బేబి,
"సోంబాబు పెళ్ళాం అని రాయకమ్మా,
వరహాలు అని రాయి" అన్న వరహాలు.
ముప్పైఒక్క నీలం మచ్చలు.
ఒక్కదాంట్లోనూ గీత లేదు.

ప్రొప్రయిటరు కాగితాన్ని ట్యూబులైటుకి ఎత్తి చూశాడు.
"ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?"
"తెలీదండి," అన్నాను.
"ఆ గీతలన్నీ మీ కంటైనర్లలో సముద్రం దాటిపోయాయండి."

సోమవారం.
"పనిలోకి దిగండి," అన్నాడు తాతారావు.
ఆయ్ అన్నవాళ్ళు లేరు.
షెడ్డులో మొదటిసారి ఐసు కరిగే చప్పుడు విన్నాను.
ఇంకా ఏమీ తేలలేదు.
రొయ్య తల నల్లబడేలోపు ఎవరో ఒకరు మెట్టు దిగాలి.
నేను కొత్త పేజీ తిప్పాను.
స్కేలు కోసం తాతారావు బల్లంతా వెతుకుతున్నాడు.
అది నా కుర్చీ కుంటికాలి కింద ఉంది.
ఇవాళ కుర్చీ ఊగడం లేదు.