పాత చౌకీ తాళం

తాడ్వాయి దాటినంక రోడ్డు సన్నబడుతది.
నల్లమద్ది చెట్ల నడుమ
ఒక భుజం మీద గూన జారిపోయి
చౌకీ ఇంకా డ్యూటీలోనే నిలబడి ఉంది.

జాబితా రాయమని పంపిండ్రు నన్ను.
బోర్డు పెడతరట, పాతకాలపు కట్టడమని.
వస్తువు, సంఖ్య, స్థితి: మూడు గడులు.

తలుపు, ఒకటి, టేకు. కుంగింది.
కిటికీలు రెండు, ఒకదానికి రెక్క లేదు.
కందిలి కొక్కెం.
చెట్లకు ముద్రలేసే సుత్తి, మొహం మీద తిరగేసిన అక్షరం.
తుట్టె పెట్టి వెళ్లిపోయిన తేనెటీగలను
ఏ గడిలో రాయాలో తెల్వలేదు.

పెట్టెలో రిజిస్టరు. సగం ఉర్దూ, సగం చెదలు.
తెలుగు మొదలైన కాడ ఒక్క లైను మిగిలింది:
"ఈసం ...డు. నాగలి దుంగ ఒకటి. జుర్మానా..."
పేరు తిన్నయి, రూపాయలు తిన్నయి,
చివరి "డు" మాత్రం వదిలిపెట్టినయి.
చెదలకు కూడా చేదేమో.

"మా తాత," అన్నడు వాచరు బక్కయ్య,
బీడీ చెవి మీద పెట్టుకుంటూ.
"కట్టలేకపోతే గీ గుంజకే మూడు దినాలు..."
ఎద్దు మెడ నిమిరినట్టు నిమిరిండు గుంజను.
"మంచి కట్టె మేడం. గిది గూడ ఆయన నరికిందే.
వెట్టికి."

నేను చెయ్యి తీసేసిన.
అప్పటిదాకా దానికే ఆనుకొని రాస్తున్న.

"కోపం రాదా?"
బయట ఇప్పపూల మీద వాన మొదలైంది.
చాలాసేపటికి అన్నడు:
"వొచ్చేది. పోయినేడు గుడ్డెలుగు ఎంటబడ్డనాడు
గీ తలుపే ఏసుకున్న.
అప్పటిసంది ఎటూ తేలుతలేదు."

గుంజలు, నాలుగు.
మూడింటికి "బాగుంది" అని రాసిన.
నాలుగో దాని ఎదుట కలం ఆగింది.
"తాత పేరు?"
"రాస్తవా?" అని ఒక్కసారి నా దిక్కు చూసి చెప్పిండు.
గడిలో పట్టలేదు, అంచు మీద రాసిన:
ఈసం జోగయ్య.
"అయ్య"ను కొంచెం పెద్దగనే రాసిన.
పై ఆఫీసులో కొట్టేస్తరేమో, కొట్టేయనీ.

పొద్దు గుంకింది. తాళమేద్దామంటే
గొళ్లెం అందదు, తలుపు నేల పట్టింది.
రెండుసార్లు గుంజిన, మూడోసారి తన్నిన.
"అట్ల గాదు," అని పక్కకు జరిపి
బక్కయ్య మోకాలు ఆనించి
ఇంతంత లేపిండు తలుపును,
పాలు తాగే పిల్లను ఎత్తినట్టు.

టక్కుమంది.
తాళంచెవి మొలతాడుకు కట్టుకొని
వానలో నా ముందు నడిచిండు.