రైలు పట్టా ముక్క

చిన్న రైలు వాళ్ళు పనికిరాదని పారేసిన
మూరెడు పట్టా ముక్క.
దాన్ని కట్టెల అడితి ముందు దూలానికి వేలాడదీసి
పక్కన ఒక సుత్తి పెట్టారు.
యాభై రెండులో మా ఊరి అగ్గి సంఘం అలా పుట్టింది.
అంతకు ముందు వారమే
సంతవీధిలో నలభై తాటాకిళ్ళు
ఎసరు మరిగేలోపు అయిపోయాయి.

గుణుపురం రోడ్డు మీద ఊరు.
వంశధార ఫర్లాంగు దూరం.
ఏరుండి ఏం లాభం, వైశాఖంలో ఇసకేగా
అన్నవాడు ఆర్తబంధు సాహు.
అని ఊరుకోలేదు.
తన నూనె మిల్లు పీపాలు రెండు
ఒంటెద్దు బండికెక్కించి
రాత్రీ పగలూ నింపి ఉంచమన్నాడు.
నూనె వాసన పోవడానికి రెండేళ్ళు పట్టిందట.
ఆ నీళ్ళు చల్లితే మంట ఇంకా లేస్తుందని
జనం నవ్వారట.

రిజిస్టరు నా దగ్గరుంది.
ఎడమ పేజీ ఒడియా, కుడి పేజీ తెలుగు.
ఎడమన 'నిఆఁ' అని ఉన్నచోట కుడిన 'అగ్గి'.
కుడివైపు చేతిరాత మా తాతయ్యది.
ఖర్చులు మాత్రం రెండు వైపులా ఒకటే:
కొబ్బరితాడు పన్నెండు బారలు,
ఎద్దుకి ఉలవలు, మనుషులకి పానకం,
బల్ల దాలయ్య కాలిన చేతికి వెన్న, ఆరణాలు.

దాలయ్య వెదురు పనివాడు.
ఇద్దరు మోస్తే నలుగురు ఎక్కే నిచ్చెన కట్టాడు.
"మండే కప్పు ఒగ్గీయండి,
పక్కింటి కప్పు పీకీయండి" అనేవాడు.
పక్కింటివాళ్ళు ఏమని తిట్టారో
రిజిస్టరులో లేదు.
మా నాయనమ్మకి కంఠతా వచ్చు.

అరవై ఆరు, ఫాల్గుణం. ఏటిగట్టు పేట.
ఆ పేజీలో తేదీ ఉంది.
కింద రెండు వైపులా ఖాళీ.

గంట దగ్గర పడుకునే వంతు ఆ రాత్రి తాతయ్యది.
మంట చూశాడు.
ఎవరి పేటో చూశాడు.
సుత్తి చేతిలోకి తీసుకుని
"అటేపు మన బండి ఎల్తాదా, అడగాల" అనుకున్నాడు.
అడగడానికి మూడు గుమ్మాలెక్కి దిగాడు.
అప్పటికి తొమ్మిది ఇళ్ళు.
ఒక మేకల దొడ్డి.
ఉయ్యాల్లో పోలమ్మ కొడుకు.

"నాను తగలెట్టలేదు" అనేవాడు తాతయ్య,
ఎవరూ అడక్కుండానే,
అన్నం తింటూ తింటూ ఆగి.

తెల్లారి పోలమ్మ వచ్చింది.
ఏడవలేదు. ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు.
దూలం కింద నిలబడి
కొట్టింది. కొడుతూనే ఉంది.
అంగడి తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.
బండి పక్కన పడుకున్న ఎద్దు
అలవాటు కొద్దీ లేచి
కాడి కోసం మెడ వంచింది.
ఆ వీధిలో కదిలింది అదొక్కటే.

తర్వాతి పేజీలో పేర్ల వరుస మారింది.
ఎవరు మార్చారో, ఎవరు వద్దన్నారో రాయలేదు.
అన్నిటికన్నా పైన ఒక వేలిముద్ర,
పక్కన తాతయ్య అక్షరాల్లో 'పోలమ్మ'.
గంట ఇక ఆమెది.
అడిగేది లేదు.
పొగ ఎటు లేస్తే బండి అటు.
సాహు మిల్లు అంటుకున్న రాత్రి ఖర్చు
రెండు భాషల్లోనూ ఉంది:
సుత్తి పిడి విరిగినందుకు, పావలా.

ఇప్పుడన్నీ స్లాబు ఇళ్ళు.
ఫోను చేస్తే ఎర్ర బండి వస్తుంది,
దారిలో లెవెల్ క్రాసింగు పడకపోతే.
దాలయ్య నిచ్చెన చెదలు తినేసింది.
పాత ఇనుము కొనేవాడు పట్టా ముక్కని వేలితో మీటి
కిలో ఇంత అన్నాడు.
తూయనివ్వలేదు.

రిజిస్టరు అంచులు పొడి రాలుతున్నాయని
కొత్త పుస్తకంలోకి ఎత్తి రాస్తున్నాను.
నాకు ఒడియా చదవడం వచ్చు, రాత వంకర.
మా ఆవిడ ఎడమ పేజీలు చదివి పెడుతోంది.
నిన్న ఆ పేజీ దగ్గరికి వచ్చాం.
తేదీ వేశాను.
ఆమె చదవడానికేం లేదు.
ఒక కాగితం అలాగే వదిలేసి తిప్పబోతే,
"ఆగు" అంది.
సిరా ఆరేదాకా
ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.