నీలి పువ్వుల గిన్నె

ఇయ్యాల మంగళారం.
కత్తెర్లు తువ్వాల కింద పండుకున్నయి.
మా దిక్కు మంగళారం ఎవ్వలూ నెత్తి ముట్టనియ్యరు,
ముహర్రక్‌ల మా సేఠు సరిగ్గ అదే రోజు సెలవిచ్చిండు.
ఆయనకు ఆ సంగతి తెల్వది.
నేనూ చెప్పలే.

ఎనిమిదైనా లేవలే.
గంగరాజం డ్యూటీకి పోయిండు, రూమంతా నాదే.
గోడ కాడికెల్లి తలుపు దాంక ఏడడుగులు,
రెండుసార్లు నడిచిన, ఊకెనే.

కిటికీల నీలి పువ్వుల గిన్నె.
కిందింటి ఉమ్ ఖలీఫా
పోయిన వారం అండ్ల తియ్యటి సేమియా పంపింది,
సేమియా మీద గుడ్డట్టు!
నవ్వుకుంటనే తిన్నం, అడుగు దాంక నాకినం.
వట్టి గిన్నె తిరిగియ్యద్దు.
ఎవలు చెప్పిన్రో యాదికి లేదు,
చేతులకే తెలిసిన ముచ్చట.

ఏం పెట్టాలె అనుకుంట మెట్లు దిగిన.

ప్యాంటు జిప్పు కుట్టియ్యాలె, రీచార్జి చెయ్యాలె,
ఒక సబ్బు, కిలో బియ్యప్పిండి.
తందూరు కాడ నిలవడ్డ,
వంద ఫిల్సుల బిళ్ళ ఇస్తే
మొకమంత వెడల్పు రొట్టెలు పేపర్ల సుట్టి ఇచ్చిండు.
ఒకటి తొవ్వలనే అయిపోయింది.
చంకల పెట్టుకున్న మిగిలినయి
పసిపిల్లగాని లెక్క ఎచ్చగ ఉన్నయి.

చేపల బజార్ల సాఫీ చేపల రేటు అడిగిన,
కొనలే. అడుగుడు కూడ ఒక సంబురమే.

మొహిబుల్ దుకాణం ఖాళీగుండె.
కూసున్న. మంగళారమే, కూసున్న.
సముద్రం దాటినంక వారాలకు నన్ను ఎట్ల గుర్తువడ్తది?
నీళ్ళ పిచికారి, సల్లటి చెయ్యి,
చెవు ఎనుక ఎవలో కత్తెర ఆడిస్తుంటే
నిద్ర ఇట్లొస్తదని ఇరవయ్యేండ్ల నుంచి
కుర్చీ ఎనుక నిలవడ్డ నాకు తెల్వది.
ఎనుక అద్దం పట్టి నా మెడ నాకు సూపెట్టిండు.
ఎవలదో మెడ లెక్కనే ఉండె.
పైసలిస్తే నా జేబులనే కుక్కిండు,
ఆ చెయ్యి తీరు సూసి ఇంకేం మాట్లాడలే.

బట్టలు పిండి మిద్దె మీద ఆరేసిన.
చివరి అంగీ ఆరేసేసరికి
మొదటి అంగీ ఎండిపోయింది.
ఈ ఎండను ఎంత తిట్టినా
గీ ఒక్క పనిల మాత్రం మోసం లేదు.

మాపటాల్ల తెలిసింది ఏం పెట్టాన్నో.
సర్వపిండి.
పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం సగమే,
ఆమె పండ్లకు అందాలె గద.
గిన్నెకు పిండి ఒత్తి, వేళ్ళతోని బొక్కలు పెట్టి,
ఒక్కొక్క బొక్కల నూనె సుక్క.
మొదటిది మాడింది.
రెండోది లేసింది, అంచులు ఎర్రగ, మధ్యల మెత్తగ.

తలుపు తీసింది మనుమడు.
ముక్కల నడుమ బొక్కల వేలు దూర్చి
ఏందిది అన్నట్టు సూసిండు.
అరబ్బీల దీనికి పేరు నాకు రాదు.
"మా ఖుబ్జ్" అన్న.
లోపల ఎవలో నవ్విన్రు, గిన్నె లోపలికి పోయింది.

రాత్రి గంగరాజం బూట్లిప్పుకుంట
"నాకేది?" అన్నడు.
మాడిందే ఉన్నది అంటే, కొరికి,
"గిదే మంచిగున్నది పో" అన్నడు.
చాయ పోసిన, ఇద్దరం గోడకు ఒరిగినం.

మెడ మీద సన్న ఎంటిక ఒకటి కుచ్చుతనే ఉన్నది.
దులుపుకోవచ్చు.
పొద్దుగాల సూద్దాం,
ఇయ్యాలకు ఉండనీ.